ఇరవై అయిదు చుట్లు

ఐరన్ కాగింది. ఇప్పుడు దాని ప్లగ్గు పీకెయ్.

తప్పు వినలేదు, పీకెయ్. నీ చేతిలో ఉన్నది రెండు పిన్నుల సోల్డరింగ్ ఐరన్, దానికి ఎర్త్ లేదు. గోడలోని 230 వోల్టులు ఎంతో కొంత దాని మొన దాకా లీకవుతుంటాయి. నీ వేలికి తెలియకపోవచ్చు గానీ ఎదురుగా ఉన్న చిప్పుకి తెలుస్తుంది. ప్లగ్గు తీశాక కూడా మొన కాసేపు వేడిగానే ఉంటుంది. తగరం కలిసిన ఈ టంకపు లెడ్ 183 డిగ్రీలకు కరుగుతుంది. మొన అంతకంటే చల్లబడేలోపు పని అయిపోవాలి. కాకపోతే మళ్ళీ ప్లగ్గు, మళ్ళీ కాగడం.

2005, మే నెల. హైదరాబాద్. రాత్రి పన్నెండు దాటింది. గాలికి మొన చల్లారిపోతుందని టేబుల్ ఫ్యాన్ నువ్వే ఆపేశావు. చెమట మెడ మీంచి కాలర్‌లోకి దిగుతోంది. గోడ మీది థర్మామీటర్ 33 చూపిస్తోంది. ఫిన్లాండ్‌లో ఈ పని చేసేవాడు జనవరిలో కిటికీ తెరుచుకుని కూర్చుంటాడు. నీ చిప్పు ఎంత వేడెక్కినా ఈ 33 మీదే మొదలవ్వాలి.

పాత పేపరు మీద గ్రాఫిక్స్ కార్డు బోర్లా పడి ఉంది. జీఫోర్స్ 6600 జీటీ. 14 కోట్ల 60 లక్షల ట్రాన్సిస్టర్లు, 500 మెగాహెర్ట్జ్ వేగం. పార్క్‌లేన్ సీటీసీలో కొన్న కార్డు, బిల్లు ఇంకా డబ్బాలోనే ఉంది. హీట్‌సింక్ స్క్రూ మీది వారంటీ స్టిక్కర్ మాత్రం సాయంత్రమే నీ గోటికి చిరిగిపోయింది. ఇక ఆ షాపు మెట్లు ఎక్కే మొహం లేదు.

ఇంతకీ ఈ టంకం ఎందుకు?

సాయంత్రం రివాట్యూనర్ సాఫ్ట్‌వేర్‌లో వేగం స్లైడర్ జరిపి చూశావు. 560 దాకా చిప్పు నోరెత్తకుండా వచ్చింది. 570 దగ్గర తెర మీద తెల్ల చుక్కలు మొదలయ్యాయి. ట్రాన్సిస్టర్ ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి మారడానికి కొంత వ్యవధి కావాలి. క్లాక్ పెంచితే దానికి దొరికే వ్యవధి తగ్గుతుంది. మారడం పూర్తి కాకముందే తరవాతి దెబ్బ పడితే లెక్క తప్పుతుంది, ఆ తప్పే చుక్కగా కనిపిస్తుంది. వోల్టేజీ పెంచితే ట్రాన్సిస్టర్ ఇంకాస్త చురుగ్గా మారుతుంది. కానీ వోల్టేజీకి స్లైడర్ లేదు. కార్డు చేసినవాడు దాన్ని రెండు రెసిస్టర్లతో బిగించేశాడు.

ఆ రెండింటికీ మధ్యన, కంట్రోలర్ కాళ్ళలో ఒకటి కలుస్తుంది. దాన్ని ఫీడ్‌బ్యాక్ అంటారు. స్లాట్‌లోంచి వచ్చే ఎక్కువ వోల్టేజీని 1.4కి దించి గ్రాఫిక్స్ చిప్పుకి పంపడం కంట్రోలర్ ఉద్యోగం. తను ఎంత పంపుతోందో దానికి తెలిసేది ఈ ఒక్క కాలి ద్వారానే. నీ బోర్డు మీద ఆ కాలి దగ్గర 0.8 ఉండాలి. తగ్గితే పెంచుతుంది, పెరిగితే తగ్గిస్తుంది, ఇంకెవరి మాటా వినదు. ఆ కాలి నుంచి గ్రౌండ్‌కి నువ్వు ఇంకో చిన్న దారి వేశావనుకో. అక్కడ వోల్టేజీ కాస్త పడుతుంది. కంట్రోలర్ కంగారుపడి, మళ్ళీ 0.8 కనిపించేదాకా పంపేది పెంచుకుంటూ పోతుంది. నిజాయితీగా పనిచేసేవాడికి ఒక చిన్న అబద్ధం చెప్పాలి. ఈ రాత్రి పని అదే.

పెన్సిల్‌తోనూ చెప్పొచ్చు ఆ అబద్ధం. 2బీ పెన్సిల్‌తో రెసిస్టర్ నెత్తిన నాలుగు గీతలు గీస్తే గ్రాఫైట్ గుండా కొంత కరెంటు అడ్డదారిన పోతుంది. నచ్చకపోతే ఇయర్‌బడ్‌తో తుడిచెయ్యొచ్చు. 1998లో సెలెరాన్ 300ఏ కొన్నవాళ్ళకు పెన్సిలూ అక్కర్లేకపోయింది. స్లాట్‌లోకి దిగే అంచున మూడు పిన్నులకు సన్నటి టేపు అతికిస్తే చాలు, ప్రాసెసర్ 2.0 వోల్టులు కాదు, 2.2 అడుగుతోందని మదర్‌బోర్డు నమ్మేసేది. ఆ తెలివి నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. కానీ పెన్సిల్ గీతకు నిలకడ లేదు. వేలి తడి తగిలినా మారుతుంది. నీకు తిప్పినంతే తిరిగి, ఆపిన చోట ఆగేది కావాలి.

అందుకే కోఠీ గుజరాతీ గల్లీ నుంచి, తిప్పితే నిరోధం మారే ఈ నీలం రంగు ప్రీసెట్ తెచ్చావు. పక్కన 203 అని అచ్చు. అంటే 20 తరవాత మూడు సున్నాలు, 20,000 ఓమ్‌లు. కార్డుకి కరెంటు లేనప్పుడు ఫీడ్‌బ్యాక్ కాలికీ గ్రౌండ్‌కీ మధ్య మీటర్ పెడితే 571 ఓమ్‌లు వచ్చింది. దానికి కనీసం 20 రెట్లుండే ప్రీసెట్ వాడాలన్నది ఈ పని చేసేవాళ్ళ వాడుక. నెత్తిన చిన్న ఇత్తడి స్క్రూ. ఈ కొస నుంచి ఆ కొసకి 25 చుట్లు.

ఆగు. స్క్రూ ఏ కొసన ఉంది?

మీటర్ తీయి. రెండు కాళ్ళ మధ్య పెట్టు. చూడు.

0.3 ఓమ్.

ఇలాగే టంకం పెట్టి స్విచ్ వేస్తే కాలు తిన్నగా గ్రౌండ్‌కి అంటుకున్నట్టే. కంట్రోలర్‌కి సున్నా కనిపిస్తుంది. ఏమీ రావడం లేదనుకుని ఉన్నదంతా తోస్తుంది. 1.4 తాగే చిప్పు మీద. ఏ రక్షణా అడ్డు తగలకపోతే నువ్వు స్విచ్ మీంచి వేలు తీసేలోపు అయిపోతుంది. పొగ కూడా రాకపోవచ్చు.

తిప్పు. అటు కొసకి. మీటర్ చూస్తూ. 5,000. 12,000. 18,000. చివర స్క్రూ వదులుగా తిరుగుతూ లోపల టిక్కుమంటుంది. 20,100. ఇప్పుడు ఎటు తిప్పితే తగ్గుతుందో పేపరు మీద బాణం గీసుకో. తరవాత బుర్ర పనిచెయ్యదు.

అదే ప్యాకెట్‌లో నారింజ, నారింజ, ఎరుపు చారల రెసిస్టర్ ఒకటుంది. 3,300 ఓమ్‌లు. ప్రీసెట్‌కి వరసగా దీన్ని కలిపితే స్క్రూ పూర్తిగా సున్నా కొసకి పోయినా వోల్టేజీ 1.64 దాటదు. ఒక్క టంకం ఎక్కువ, అంతే. పెడతావా? చెమట కళ్ళలోకి కారుతోంది. వద్దులే, జాగ్రత్తగానే తిప్పుతాగా అనుకుంటావు. ఇలాంటి పనుల్లో ఈ ‘వద్దులే’ దగ్గరే నాకు భయం. కానీ చెయ్యి నీది.

టంకం పెట్టాల్సిన చోటు ఆవగింజంత. భూతద్దం కింద వంగు. ఊపిరి బిగపట్టు. కొసన లెడ్ పూసి ఉంచిన సన్నటి వైరు ఎడమ చేత్తో ఆనించు. మొన తగిలించు. ఒకటి. రెండు. లెడ్ మెరిసింది. తియ్. కదపకు. అది మసకబారి గట్టిపడేదాకా కదపకు. మొన ఇంకో సెకను ఉంచి ఉంటే రాగి ముక్క బోర్డు మీంచి లేచి వచ్చేసేది, దాన్ని తిరిగి అతికించడం నీ వల్ల కాదు.

రోజిన్ పొగ తలుపు సందులోంచి బయటికి పోయింది.

“ఏం కాలుతోంది?” పక్క గదిలోంచి అక్క.

“ఏం లేదక్కా. వైరు.”

“రేపు పొద్దున లేవవు. చెబుతున్నా.”

రెండో వైరు గ్రౌండ్‌కి. ఇది సులువు, కెపాసిటర్ మైనస్ కాలు పెద్దదే. వోల్టేజీ కొలవడానికి మూడో వైరు కూడా ఇప్పుడే పెట్టుకో. నడుస్తున్న కార్డు మీద చేత్తో ప్రోబ్ పట్టుకుంటే, అది జారి పక్క కాలికి తగలడానికి ఒక తుమ్ము చాలు. వైర్లు లాగినా టంకం ఊడకుండా మధ్యలో టేపు వెయ్. ప్రీసెట్‌ని బోర్డు అంచుకి అతికించు.

మళ్ళీ మీటర్. ఇందాకటి 571 ఇప్పుడు 555. తగ్గింది, సున్నా కాలేదు. లెక్క కూడా అంతే చెబుతోంది. టంకం నిలిచింది.

కార్డు స్లాట్‌లో దిగింది. క్యాబినెట్ తలుపు పక్కన పెట్టేశావు. మీటర్ బిగించావు. ఒక వేలు ఎస్ఎంపీఎస్ వెనక స్విచ్ మీద, ఇంకో వేలు ముందు బటన్ మీద.

నొక్కు.

ఫ్యాన్లు. మీటర్‌లో అంకెలు ఎగిరి ఆగాయి: 1.44. ఒక పొట్టి బీప్. తెర మీద అక్షరాలు. ఊపిరి వదిలెయ్, ఇన్నాళ్ళూ 1.40 దగ్గర కట్టేసి ఉన్న కార్డు 1.44 దగ్గర నిలబడి ఉంది.

స్క్రూడ్రైవర్ పెట్టి ఒక చుట్టు తిప్పు. మీటర్ కదల్లేదు. ఇంకో చుట్టు. అయినా 1.44. టంకం ఊడిందా? స్క్రూ గుల్లగా తిరుగుతోందా? ఠక్కున పది చుట్లు తిప్పి చూద్దామని చెయ్యి పీకుతుంది.

పీకనీ. తిప్పకు. మొదటి చుట్టుకు మారేది రెండు మిల్లీవోల్టుల లోపే, రెండు దశాంశాల అంకెలో అది కనిపించదు. సగం దూరం, అంటే పన్నెండున్నర చుట్లు వెళ్తే గాని 1.48 రాదు. పదిహేను దాటేసరికి 1.50. ఇరవైకి 1.60. అక్కడి నుంచి ఈ స్క్రూ స్వభావం మారిపోతుంది. ఇరవై ఒకటికి 1.65. ఇరవై రెండుకు 1.73. ఇరవై మూడుకు 1.90. ఇరవై నాలుగుకు 2.40. మొదట్లో ఏమీ చెయ్యనట్టు కనిపించిన అదే చుట్టు, చివర్లో అర వోల్టు మీద పడేస్తుంది. ప్యాకెట్‌లో వదిలేసిన 3,300 ఓమ్‌ల రెసిస్టర్ కాపలా కాసేది ఆ చివరి అయిదు చుట్లనే.

నెమ్మదిగా వెళ్ళు. 1.50. క్లాక్ 580. త్రీడీమార్క్ 05 పరీక్ష మొదలుపెట్టు. మిణుగురుల అడవి తెర మీద తెరుచుకుంది. చీకటి చెట్ల మధ్య వెలుతురు చుక్కలు తేలుతున్నాయి. ఆ చుక్కలు ఆటలోవే, తప్పులు కావు. ఇందాక 570 దగ్గర కనిపించిన తెల్ల చుక్కలు ఇప్పుడు 580 దగ్గర లేవు.

1.55. 600. బాగుంది.

1.60. 620. ఉష్ణోగ్రత చూడు. ఇందాక మామూలు వేగంతో నడిచినప్పుడు 66 ఉండేది, అంటే గది మీద 33 ఎక్కువ. ఇప్పుడు 86. వోల్టేజీ పెరిగింది ఏడో వంతే. కానీ వేడి వోల్టేజీ వర్గంతో పెరుగుతుంది, ఆ పైన వేగంతోనూ పెరుగుతుంది. రెండూ గుణిస్తే 1.62 రెట్లు. గది మీద 33 కాస్తా 53 అయింది. కార్డు పక్క నుంచి వచ్చే గాలి మొహానికి కొడుతోంది.

ఈ రాత్రే చచ్చిపోతుందా? బహుశా పోదు. 1.6 వోల్టులు నీ నాలుక మీద పెట్టినా పెద్దగా తెలియదు. కష్టం వోల్టులతో కాదు, ఆంపియర్లతో. 2 కిలోవాట్ల గీజర్ తీసుకునేది 9 ఆంపియర్లు. ఈ గోరంత చిప్పులోకి అంతకు రెట్టింపు పోతోంది, వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నటి లోహపు దారుల్లోంచి. అంత ఒరవడికి లోహపు అణువులే కొద్దికొద్దిగా జరిగిపోతాయి. దీనికి ఎలక్ట్రోమైగ్రేషన్ అని పేరు. దారుల ఆయుష్షుకు 1969లో జేమ్స్ బ్లాక్ లెక్క కట్టాడు: కరెంటు సాంద్రత పెరిగినా, వేడి పెరిగినా ఆయుష్షు తరుగుతుంది. 2002లో వచ్చిన నార్త్‌వుడ్ పెంటియం 4 మీద ఈ లెక్క చాలామందికి అనుభవంలోకి వచ్చింది. 1.5 వోల్టుల ప్రాసెసర్‌ని 1.7 దాటించి హాయిగా వాడుకుంటూ ఉంటే, కొన్ని వారాలకో నెలలకో ఒక పొద్దున అది లేచేది కాదు. సడన్ నార్త్‌వుడ్ డెత్ సిండ్రోమ్ అని పేరు కూడా పెట్టుకున్నారు.

నీకు అవన్నీ తెలుసు. అయినా స్క్రూడ్రైవర్ ఇంకా గాడిలోనే ఉంది.

ఇంకో అర చుట్టు.

1.63. క్లాక్ 635. మూడో పరీక్ష. లోయలో గాల్లో తేలే ఓడ. కింద నీళ్ళు. కొండ అంచున ఒక త్రికోణం సాగి విరిగింది. మళ్ళీ సర్దుకుంది. నీళ్ళు తళతళ. ఓడ మలుపు తిరిగింది.

నలుపు.

తెర మొత్తం. సిగ్నల్ లేదంటోంది మానిటర్. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. మీటర్: 0.00.

వెనక స్విచ్. ఆపు.

నిశ్శబ్దం. వాసన చూడు. కాలిన వాసన లేదు. అదొక్కటే ఆశ. చిప్పు హీట్‌సింక్ ముట్టుకో. వేడి, కానీ వేలు ఆగుతోంది. కంట్రోలర్ పక్కన నల్లటి చదరపు ముక్కలు, మాస్‌ఫెట్లు. వాటి మీద వేలు పెట్టు.

చురుక్కుమంది.

అర సెకను కూడా ఆగలేదు వేలు. చిప్పుకి హీట్‌సింక్ ఉంది, ఫ్యాన్ ఉంది. ఆ ఆంపియర్లన్నీ మోసుకొచ్చే వీటికి ఏమీ లేదు. ఇప్పుడు లెక్క కుదురుతోంది. చాలా కంట్రోలర్లు కరెంటు ఎంత పోతోందో మాస్‌ఫెట్‌లోని నిరోధాన్ని బట్టే అంచనా కడతాయి. మాస్‌ఫెట్ వేడెక్కితే దాని నిరోధం పెరుగుతుంది. ఉన్న కరెంటే ఎక్కువగా కనిపిస్తుంది. హద్దు దాటిందని కంట్రోలర్ తలుపులు మూసేస్తుంది. నువ్వు ఒక కాలికి అబద్ధం చెప్పావు, అది ఇంకో కాలితో నిజం చూసింది.

అలా అయితే కార్డు బతికే ఉండాలి. అయితే.

అయిదు నిమిషాలు ఆగు. అర చుట్టు వెనక్కి తిప్పు. టేబుల్ ఫ్యాన్ తెచ్చి, క్యాబినెట్ పక్కన స్టూల్ మీద పెట్టి, తిన్నగా మాస్‌ఫెట్ల మీదికి తిప్పు. ఫుల్ స్పీడ్. కింద పేపర్లు ఎగిరిపోతున్నాయి, పోనీ.

ఇప్పుడు చెవులు రిక్కించు. ఒక పొట్టి బీప్ వస్తే ప్రాణం ఉన్నట్టు. ఒక పొడవు, రెండు పొట్టి వస్తే గ్రాఫిక్స్ కార్డే లేదని నీ మదర్‌బోర్డు చెబుతున్నట్టు.

నొక్కు.

ఫ్యాన్.

హార్డ్‌డిస్క్ గరగర.

బీప్. పొట్టిది. ఒక్కటే.

మీటర్ 1.60. కుర్చీలో వెనక్కి వాలాక తెలిసింది, చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది.

620 పెట్టి మళ్ళీ మొదలుపెట్టావు. అడవి, లోయ, ఓడ. ఓడ మలుపు తిరిగింది. ఈసారి నీళ్ళు తళతళమనలేదు, తెర నల్లబడలేదు. చివరి దాకా వచ్చింది. సాయంత్రం మామూలు వేగంతో స్కోరు 3,412. ఇప్పుడు 3,968.

నాలుగు వేలకు 32 తక్కువ.

ఇదీ అసలు ప్రమాదం. నలుపు తెర కాదు, ఈ 32. స్క్రూ ఇప్పుడు ఇరవయ్యో చుట్టు మీద ఉంది. ఇక్కడ పావు చుట్టు అంటే పన్నెండు మిల్లీవోల్టుల దాకా. చెయ్యి దానంతటదే స్క్రూడ్రైవర్ కోసం వెతుకుతోంది.

మెమరీ స్లైడర్ గుర్తుందా? రాత్రంతా దాని జోలికే పోలేదు నువ్వు. ఈ కార్డు చిప్పుకీ మెమరీకీ మధ్య దారి 128 బిట్లే, కోర్ వేగం ఎంత పెంచినా డేటా ఆ ఇరుకు దారిలోనే రావాలి. స్లైడర్ 1000 నుంచి 1060కి జరుపు. టంకం అక్కర్లేదు, స్క్రూ అక్కర్లేదు, మీటర్‌లో ఒక్క అంకె కూడా కదలదు. పరీక్ష నడిపించు.

4,031.

నవ్వొస్తుంది. కాస్త ఒళ్ళు మంట కూడా.

రోజూ వాడుకునే కార్డు ఇది, రేపు రాత్రి ఆటలు ఆడాలి, ఈ మే నెల దాటాలి. స్క్రూ అయిదు చుట్లు వెనక్కి. 1.50. క్లాక్ 580. పరీక్ష మళ్ళీ నడిపిస్తే ఉష్ణోగ్రత 77 దగ్గర ఆగింది. ఇక ఈ స్క్రూ తనంతట తాను జరక్కూడదు. క్యాబినెట్ అదురుకు, ఫ్యాన్ వణుకుకు రోజూ కాస్త కాస్త తిరిగినా చాలు. రేడియో రిపేరువాళ్ళు ఇలాంటి స్క్రూల మీద ఒక చుక్క రంగు వేసి బిగించేస్తారు. ఎండాక కదలదు, కావాలంటే గీరి తీసెయ్యొచ్చు.

పక్క గది తలుపు తోసి చీకట్లో అద్దం ముందు తడుముతున్నావు. పౌడర్ డబ్బా. దువ్వెన. చిన్న గాజు సీసా.

“ఎవరది?”

“నేనేనక్కా. నెయిల్ పాలిష్ ఒక్క చుక్క కావాలి.”

“రాత్రి రెండింటికా?”

“స్క్రూకి.”

“ఎర్రది ముట్టుకోకు. అది కొత్తది.”